ఏడో గడి

దమస్కస్ పౌర నమోదు కార్యాలయంలో
మూడో కిటికీ నాది.
పుట్టుకలు పక్క గదిలో. నా దగ్గరికి
పోయినవాళ్ల కాగితాలే వస్తాయి.
ముప్పై ఏళ్లుగా ఏడో గడిలో ఒకటే మాట:
ముతవఫ్ఫా.
నా సంతకమైనా అప్పుడప్పుడు వంకర పోతుంది గానీ
ఆ మాట పోదు.

ఆ మాట దగ్గరే మా ఇల్లు రెండుగా చీలింది.

ఈసా గురించిన వచనంలో ఉన్నదీ ఆ ధాతువే.
"చనిపోవడం కాదురా" అనేది మా అమ్మ వస్ఫియా
బెండకాయల ముచ్చికలు కోస్తూ,
"నిండుగా తీసుకోవడం.
ఇచ్చిన బాకీ పైసా తగ్గకుండా రాబట్టుకున్నట్టు.
మేనుతో, ఊపిరితో పైకి తీసుకున్నాడు.
వాళ్లకు దొరికింది పోలిక, మనిషి కాదు."
తూర్పున తెల్లటి మినారు దగ్గర దిగుతాడట,
కుంకుమపువ్వు రంగు బట్టలు కట్టుకుని
ఇద్దరు దూతల రెక్కల మీద చేతులు ఆనించి.
తల వంచితే చుక్కలు రాలుతాయట
ఇప్పుడే నీళ్లు పోసుకుని వచ్చినట్టు.
"ఆ తరవాత పోతాడులే, అందరిలాగే.
మదీనాలో చోటు అట్టే పెట్టారు."

ముంజిద్ మామ నవ్వేవాడు కాదు.
"ప్రవక్తలందరికీ ఉన్న చావు
ఆ ఒక్కడికీ ఎందుకు లేకుండా చేస్తావక్కా?
ముసలివాడై, పళ్లూడి, ఏ చెట్టునీడనో
ఎవరో ఇచ్చిన నీళ్లు తాగి కన్నుమూసి ఉంటాడు.
కశ్మీరులో సమాధి ఉందంటారు మావాళ్లు.
మళ్లీ రావడమంటే ఆ కాళ్లే రావడం కాదు,
ఆ తీరు మరొకరిలో రావడం.
వచ్చి వెళ్లాడు కూడా."
అమ్మ కూరలో ఉప్పు రెండోసారి వేసేది.
మామ కిక్కురుమనకుండా తినేవాడు.

మామ పోయినప్పుడు వీధి తలుపులు వేసుకుంది.
నలుగురు మోయాల్సిన చోట ముగ్గురం.
నాలుగో కొమ్ము అమ్మ పట్టింది.
ఆడవాళ్లు పట్టకూడదని ఎవరో అరిచారు.
"అయితే నువ్వు రా" అంది.
రాలేదు.
గోతి దగ్గర వంగి, మట్టితో మాట్లాడింది:
"ఆయన దిగిన రోజున నిన్నే లేపుతాను,
పందెం ఎవరిదో తేలాలి."

నేను ఎటువైపో ఇద్దరూ అడగలేదు.
అడిగితే ఏం చెప్పేవాణ్నో
ఇవాళ్టికీ తెలియదు.

మొన్న ఖవ్లా అనే ఆవిడ వచ్చింది, మరిదితో.
కొడుకు యమాన్. పదకొండేళ్ల కిందట
తనిఖీ గేటు దగ్గర తీసుకువెళ్లారు.
తీసుకువెళ్లారు, అంతే. ఒళ్లు లేదు, గోరీ లేదు.
కాగితం లేకపోతే ఇల్లు అమ్ముడుపోదు.
మరిది మాట్లాడుతున్నాడు. ఆమె
నా కలం వంక చూస్తోంది.
"ఈ ఏడాది కూడా వాడి బూట్లకు
కొత్త అడుగులు వేయించాను" అంది,
అదేదో నేను నమోదు చేసుకోవాల్సిన విషయమన్నట్టు.
ఆ తరవాత, మెల్లిగా:
"ఆ మాటకు ఇంకో అర్థం ఉందంటారు కదా బాబూ?"

వరుసలో వెనక పదిహేడుమంది. ఫ్యాను తిరగడం లేదు.
"ఉంది" అన్నాను.
"మా అమ్మ అర్థం."
"అయితే అదే రాయండి."

రాశాను. అవే అక్షరాలు.
మరిది మామ లెక్కన చదువుకున్నాడు కాబోలు,
తల పంకించి ముద్ర వేయించుకున్నాడు.
ఆమె మాత్రం సిరా ఆరేదాకా
కాగితం మడవనివ్వలేదు.

సాయంత్రం మసాలా అంగళ్ల మీదుగా వస్తూ
అలవాటుగా తలెత్తాను.
మినారు అంచున ఒక మనిషి,
పసుపుపచ్చ చొక్కా, చెమటకు తడిసిన తల.
నిలబడిపోయాను. చేతిలో రొట్టెలు
చల్లారుతున్నాయి.
బల్బు మారుస్తున్నాడు.
కిందికి వంగి గట్టిగా అరిచాడు:
"నిచ్చెన ఎక్కడ పెట్టారు?"
చుట్టూ చూశాను,
నా దగ్గరేమైనా ఉందేమోనని.